వాన చుక్క సముద్రానికి ఎప్పుడు చేరుతుంది: తొట్టిలో కట్టిన గుట్ట, 43 రోజుల ప్రాజెక్టు డైరీ

రోజు 1

మా అమ్మాయి ఎనిమిదో తరగతి పుస్తకంలో జలచక్రం బొమ్మ ఉంది. సముద్రం మీద సూర్యుడు, పైకి లేచే బాణాలు, మబ్బు, కొండ మీద వాన, కొండ నుంచి నీలం గీతలా జారి సముద్రంలో కలిసే నది. బొమ్మకేసి చాలాసేపు చూసి, "అమ్మా, కొండ మీద పడ్డ చుక్క సముద్రానికి ఎన్ని రోజుల్లో చేరుతుంది?" అని అడిగింది.

నది పొడవును నీటి వేగంతో భాగించి ఏదో ఒకటి చెప్పబోయి ఆగిపోయాను. నెలల తరబడి వాన లేకపోయినా ఎన్నో నదులు పారుతూనే ఉంటాయి. మరి ఆ నీళ్లు ఏ వానవి? బొమ్మలో దానికి బాణమే లేదు. వాన పడుతుంది, నదిగా పారుతుంది, అంతే. మధ్యలో నేల అడుగున జరిగేదంతా వదిలేశారు.

అందుకే ఓ గుట్ట, ఓ వాగు, ఓ చిన్న సముద్రం తొట్టిలో కట్టి చూద్దామనుకున్నాం. పక్క నుంచి చూస్తే లోపలంతా కనబడాలి. పోసిన ప్రతి మిల్లీలీటరుకూ లెక్క ఉండాలి.

రోజు 2

వాడకుండా పడి ఉన్న యాక్రిలిక్ తొట్టి ఒకటి దొరికింది. 90 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 40 ఎత్తు. ఎడమవైపు 60 సెంటీమీటర్లు నేల, మిగిలిన 30 సముద్రం. రెంటికీ మధ్య చిల్లులు పొడిచిన ప్లాస్టిక్ పలక పెట్టి, దానికి పాత నూలు గుడ్డ చుట్టాను. నీళ్లు దాటాలి, ఇసుక దాటకూడదు.

సముద్రం వైపు గోడకు 6 సెంటీమీటర్ల ఎత్తున చిల్లు వేసి గొట్టం బిగించాలి. నీటి మట్టం అంతకు మించితే పొర్లి బయట జాడీలో పడాలి. డ్రిల్లును కొంచెం గట్టిగా నొక్కేసరికి చిల్లు పక్కన వెంట్రుకంత పగులు వచ్చింది. సిలికాన్ పూసి ఒక రోజంతా ఆరనిచ్చాను. యాక్రిలిక్‌కు చిల్లు వేసేవాళ్లు వెనక చెక్క ముక్క ఆనించి, నెమ్మదిగా, ఆగి ఆగి వేయండి.

రోజు 3

ముతక ఇసుకను ఏడుసార్లు కడిగాక గానీ నీళ్లు తేటపడలేదు. ఆరబెట్టాక ఒక పరీక్ష చేశాం. లీటరు పాత్ర నిండా పొడి ఇసుక పోసి, అంచు దాకా నీరు వచ్చేవరకు కొలిచి పోశాం. 360 మిల్లీలీటర్లు పట్టాయి. నిండుగా కనబడే ఇసుకలో మూడో వంతుకు పైగా ఖాళీయే అన్నమాట.

తర్వాత పాత్ర అడుగున చిల్లు తెరిచి రాత్రంతా వదిలేశాం. పొద్దున్నకు 190 మిల్లీలీటర్లే కిందికి దిగాయి. మిగతా 170 రేణువులకు అతుక్కుని అక్కడే ఉండిపోయాయి. నీరు పల్లమెరుగు అంటాం కదా, రేణువుల సందుల్లో ఆ మాట పూర్తిగా చెల్లదు. పొడి ఇసుక గిన్నెను నీళ్ల పళ్లెంలో నిలబెడితే తడి పైకి ఎక్కడం కంటికి కనబడుతుంది. సందు ఎంత సన్ననిదైతే నీరు అంత ఎత్తుకు ఎక్కుతుంది. ఇది చిన్న విషయంలా రాసుకున్నాను గానీ, 15వ రోజున మొత్తం కథకు ఇదే తాళంచెవి అయింది.

రోజు 5

గుట్ట పోశాం. అడుగున రెండు సెంటీమీటర్ల గులకరాళ్లు, ఆపైన ఇసుక, అన్నిటికీ పైన పలచగా మట్టి. ఎడమ గోడ దగ్గర 25 సెంటీమీటర్ల ఎత్తు, సముద్రం అంచున 8. గుట్ట నడుమ, ఇసుకలోనే అరచేతి మందాన బంకమట్టి పలకను పడుకోబెట్టాం. కింది సగంలో వేలితో గీసి వాగు తీశాం.

మూడు సన్నటి పారదర్శక గొట్టాలు నిలువుగా గుచ్చాం. ఒకటి గుట్ట నెత్తిన, ఒకటి నడుమ, మూడోది వాగు పక్కన. అడుగున చిల్లులున్నాయి కాబట్టి వాటిలో నిలిచే నీటి ఎత్తే ఆ చోట భూగర్భ నీటి మట్టం. బావిలోకి తొంగిచూడటం కూడా ఇదే కదా.

ఇసుక, రాళ్లు, మట్టి అన్నీ కలిపి దాదాపు 29 లీటర్లు పట్టాయి, అంటే సుమారు 46 కిలోలు. నీళ్లు కూడా కలిస్తే పొడవాటి గోడలు ఉబ్బుతాయని తొట్టి నడుం చుట్టూ చెక్క బద్దలు కట్టాం. పైన సగం నేలకు ఎండుటాకుల ముక్కలు పరిచి గడ్డి గింజలు చల్లాం. మిగతా సగం బోసిగా వదిలేశాం.

రోజు 7: తొలి వాన

వాన కొలవడం ఎంత సులువో ఈ రోజే బాగా తెలిసింది. చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన అంటే సరిగ్గా ఒక లీటరు. మా నేల 0.18 చదరపు మీటరు. కాబట్టి 10 మిల్లీమీటర్ల వాన కావాలంటే 1.8 లీటర్లు పోయాలి. ప్లాస్టిక్ డబ్బా మూతకు సూదితో వందకు పైగా చిల్లులు పొడిచి, దాన్నే మబ్బుగా పట్టుకున్నాం.

మొదటి నిమిషంలో అనుకోనిది జరిగింది. పొడిమట్టి నీటిని తాగలేదు. చుక్కలు దుమ్ము పూసుకుని గోళీల్లా దొర్లాయి. బాగా ఎండిన మట్టి మొదట నీటిని తోసేస్తుంది, కాస్త తడిశాకే తాగడం మొదలుపెడుతుంది. ఆపైన రెండు మూడు నిమిషాలు పోసిందంతా ఇంకింది. తర్వాత బోసి సగంలో బుడగలు వచ్చి, చిన్న చిన్న గుంటలు నిండి, నీరు జారడం మొదలైంది. ఆకులు పరిచిన సగంలో అలాంటిదేమీ లేదు.

దగ్గరగా కూర్చుని చూస్తే కారణం కనబడింది. చుక్క బోసి మట్టి మీద పడ్డ ప్రతిసారీ మెంతిగింజంత గుంట పడి, సన్న మట్టి చుట్టూ చిమ్ముతోంది. ఆ చిమ్మిన మట్టే సందుల్లో కూరుకుని పైపొరను లేపనంలా మూసేస్తోంది. మా చుక్క పడిన ఎత్తు 30 సెంటీమీటర్లు, నేలను తాకేటప్పుడు దాని వేగం సెకనుకు రెండున్నర మీటర్ల లోపే. నిజం వానలో పెద్ద చుక్క సెకనుకు 9 మీటర్ల దాకా వేగంతో దిగుతుంది. నేల ఇంకించుకోగల వేగం వాన సాగేకొద్దీ తగ్గుతుందనీ, వాన ఆ వేగాన్ని మించినప్పుడే నీరు పైన పారుతుందనీ అమెరికా జలశాస్త్రవేత్త రాబర్ట్ హార్టన్ 1933లో చెప్పాడు. మా తొట్టిలో అదంతా పది నిమిషాల్లో జరిగిపోయింది. ఆకుల కింద మాత్రం జరగలేదు. చిత్తుగా ఊడ్చి శుభ్రం చేసిన నేల నీటికి ఎంత కఠినంగా తలుపు మూసేస్తుందో ఇంత దగ్గర నుంచి నేనెప్పుడూ చూడలేదు.

రాత్రికి లెక్క వేశాం. పోసింది 1,800 మిల్లీలీటర్లు. సముద్రం గొట్టం నుంచి వచ్చింది 310. మిగతాదంతా గుట్ట దగ్గరే ఉండిపోయింది. మా అమ్మాయి పుస్తకంలో "చేరలేదు" అని రాసింది.

ఇలాంటి పద్దు మొదట రాసినవాళ్లలో ఫ్రాన్స్‌కు చెందిన పియెర్ పెరో ఒకడు. నదులన్నిటికీ సరిపడా వాన పడదనీ, సముద్రపు నీరే నేలలోపలి సొరంగాల్లో పైకెక్కి ఊటలుగా వస్తుందనీ ఆ రోజుల్లో చాలామంది నమ్మేవారు. పెరో సీన్ నది తల దగ్గరి ప్రాంతంలో మూడేళ్ల వాన కొలిచి, నదిలో పారే నీటిని అంచనా కట్టి, 1674లో పుస్తకంగా అచ్చువేశాడు. నదిలో పారేదానికి దాదాపు ఆరు రెట్లు వాన పడుతోందని తేలింది. వాన చాలదన్నది పోయి, మిగతాది ఎటు వెళ్తోందన్న ప్రశ్న అప్పుడే పుట్టింది. మా పుస్తకంలో "చేరలేదు" అని రాసినదీ అదే ప్రశ్న.

రోజు 9

మూడు రోజులుగా పొద్దునా సాయంత్రం కాస్త కాస్త వాన పోస్తున్నాం. ఈ రోజు గుట్ట పక్కన, వాగుకు చాలా ఎత్తున, మట్టి చెమర్చింది. కాసేపటికి దారంలా నీరు దిగింది. మా అమ్మాయి కేక వేసింది: "ఊట! అమ్మా, ఊట పుట్టింది!"

గోడ నుంచి చూస్తే అర్థమైంది. ఇసుకలో దిగిన నీరు బంకమట్టి పలక మీద ఆగి, దిగే దారి లేక, పలక వాలు వెంబడి పక్కకు నడిచి, పలక అంచు గుట్ట చరియను తాకిన చోట బయటపడింది. కింద అసలు నీటి మట్టం ఇంకా చాలా లోతులో ఉంది.

విచిత్రం ఏమిటంటే బంకమట్టిలో ఖాళీ ఇసుకలో కన్నా తక్కువేమీ కాదు, చాలాసార్లు ఎక్కువే. కానీ ఆ సందులు మరీ సన్నవి, నీటిని వదలవు. ఒకే కొలత గల రెండు సీసాలు తీసుకుని ఒకదాంట్లో ఇసుక, ఒకదాంట్లో బంకమట్టి నింపి చూశాం. ఇసుక నుంచి అర లీటరు నిమిషం లోపే దిగింది. బంకమట్టి నుంచి మర్నాటి పొద్దునకు పళ్లెం అడుగు తడిసింది, అంతే. ఎంత పట్టుకుంటుంది, ఎంత పోనిస్తుంది అనేవి రెండు వేరు సంగతులు. రెండో సంగతిని కొలిచే సూత్రం ఫ్రాన్స్‌లోని దిజోన్ నగర నీటి సరఫరా కట్టిన ఇంజినీరు హెన్రీ డార్సీ ఇచ్చాడు. ఇసుక నింపిన నిలువు గొట్టంలోంచి నీటిని పంపి, మట్టాల తేడా ఎంత పెరిగితే పారే నీరు అదే నిష్పత్తిలో పెరుగుతుందని 1856లో ప్రచురించాడు. ఇవాళ్టికీ భూగర్భ జలాల లెక్కలన్నీ ఆ ఇసుక గొట్టం మీదే నిలబడ్డాయి.

రోజు 10

వాన చుక్క దారి చూడాలని నీళ్లలో మిథిలీన్ బ్లూ అనే నీలి రంగు కలిపి గుట్ట నెత్తిన పోశాను. రెండు సెంటీమీటర్లు దిగి ఆగిపోయింది. ఎన్ని నీళ్లు పోసినా నీలం కదల్లేదు, తేట నీరు మాత్రం దాన్ని దాటుకుని దిగిపోయింది. రంగు మట్టికి అంటుకుపోయింది. మట్టి రేణువుల మీద రుణావేశం ఉంటుంది, ఈ రంగుది ధనావేశం, పట్టుకుంటే వదలదు. నీటితో పాటు నడిచే గుర్తు కావాలంటే మట్టికి అంటనిది కావాలి. నీలం పడ్డ మట్టిని చెంచాతో తీసేసి కొత్త మట్టి వేశాం.

రోజు 13

ఉప్పు సరిపోతుంది. ఉప్పులోని క్లోరైడుదీ రుణావేశమే కాబట్టి మట్టికి పెద్దగా అంటదు, నీటితో నడుస్తుంది. కంటికి కనబడదు గానీ, నీటిలో కరిగిన ఉప్పుల్ని లీటరుకు మిల్లీగ్రాముల్లో చూపే టీడీఎస్ మీటరుకు దొరుకుతుంది. గుట్టలో ఇప్పుడున్న నీటిది 218. లీటరుకు ఒక గ్రాము ఉప్పు కలిపిన "కొత్త వాన" నీటిది 1,190. ఇక వాగులో వచ్చే నీటిలో పాతది ఎంత, కొత్తది ఎంత అన్నది కూడికలూ తీసివేతలే. బోసి సగం మీద కూడా ఈసారి ఆకులు పరిచాం, పైన జారే నీరు లెక్క చెడగొట్టకుండా.

రోజు 14

ఈ డైరీలో ఒక్క రోజే చదువుతానంటే ఇది చదవండి.

సాయంత్రం ఐదింటికి ఉప్పు వాన మొదలుపెట్టాం. పది నిమిషాల్లో 10 మిల్లీమీటర్లు. వాగు చివర సన్నటి దోనె పెట్టి, వచ్చే నీటిని వంద మిల్లీలీటర్ల కప్పుల్లో వరుసగా పట్టింది మా అమ్మాయి. మీటరు నా చేతిలో.

వాన మొదలైన రెండో నిమిషానికే వాగు లేచింది. అంతవరకు బొట్లు బొట్లుగా ఉన్నది ధార కట్టింది. వాన నీరే వచ్చేస్తోంది అనుకున్నాను, మీటరు వెయ్యికి అటూ ఇటూ చూపిస్తుందనుకున్నాను. మొదటి కప్పులో 231. రెండో కప్పులో 290. మీటరు చెడిపోయిందేమోనని వాన డబ్బాలో ముంచి చూశాను, 1,190 చూపించింది. మూడో కప్పు 410. వాగు బాగా పారిన ఐదో కప్పులో 520. అదే గరిష్ఠం. తర్వాత మళ్లీ దిగుతూ వచ్చింది.

లెక్క వేశాం. 410 చూపిన కప్పులో కొత్త వాన ఐదో వంతు. గరిష్ఠంగా ఉన్న కప్పులో కూడా మూడో వంతు లోపే. మిగిలిందంతా ఇదివరకటి నీరు. గుట్టలో రోజుల తరబడి కదలకుండా ఉన్నట్టు కనబడినది, వాన పడగానే పరుగెత్తి బయటికొచ్చింది.

"అంటే మనం ఇప్పుడు పోసిన నీళ్లు ఇంకా లోపలే ఉన్నాయా?"

"చాలావరకు లోపలే ఉన్నాయి తల్లీ."

"మరి వాగుకెలా తెలిసింది వాన పడిందని?"

ఆ ప్రశ్నకు నా దగ్గర వెంటనే జవాబు లేదు. గొట్టాల కొలతలు తీసుకుని రాత్రి పన్నెండు దాకా కూర్చున్నాను.

రోజు 15

జవాబు వాగు పక్క గొట్టంలో ఉంది. నిన్న వాన మొదలై 3 మిల్లీమీటర్లు పడేసరికే ఆ గొట్టంలో మట్టం నాలుగున్నర సెంటీమీటర్లు లేచింది. ఇసుకలో ఖాళీ 36 శాతం. ఆ ఖాళీ పొడిగా ఉంటే 3 మిల్లీమీటర్ల వానకు మట్టం 8 మిల్లీమీటర్లు లేవాలి. లేచింది 45.

కానీ ఆ ఖాళీ పొడిగా లేదు. మూడో రోజున పాత్రలో ఉండిపోయిన 170 మిల్లీలీటర్లు గుర్తొచ్చాయి. నీటి మట్టానికి పైన కూడా ఇసుక సందుల్లో నీరు పైకి ఎక్కి వేలాడుతూ ఉంటుంది, దాదాపు నిండుగా. వాగు పక్కన నేల తగ్గులో ఉంటుంది కాబట్టి ఆ తడి ఉపరితలం దాకా వచ్చేసి ఉంటుంది. దానికి పిడికెడు నీళ్లు తోడైతే చాలు, వేలాడే నీరంతా ఒక్కసారిగా విడుదలై మట్టంలో కలుస్తుంది. వాగు పక్కన మట్టం దిబ్బలా లేచి, అక్కడున్న పాత నీటినే వాగులోకి తోస్తుంది. గుట్ట పైన పడ్డ వాన ఇంకా సగం దారిలో కూడా లేదు. దాని తాకిడి మాత్రం ముందే చేరింది.

నీళ్లు నిండి ఉన్న పొడవాటి గొట్టానికి ఇటు కుళాయి తిప్పగానే అటు చివర నీరు పడుతుంది. పడేది కుళాయి దగ్గరి నీరు కాదు. మా అమ్మాయికి అలాగే చెప్పాను.

నిజం వాగుల్లోనూ ఇలాగే ఉంటుందని బరువైన ఆక్సిజన్, హైడ్రోజన్ పరమాణువులను గుర్తుగా పట్టుకుని కొలిచినవాళ్లు 1970ల నుంచి చూపిస్తూ వచ్చారు. తడి ప్రాంతాల్లో, చెట్లూ మెత్తని నేలా ఉన్న చాలా వాగుల్లో వాన తర్వాత వచ్చే పోటులో సగానికి పైగా పాత నీరే. రాతి నేలల్లో, బోడి నేలల్లో, కాంక్రీటు పరిచిన చోట్ల ఇలా ఉండదు, అక్కడ పారేది చాలావరకు అప్పుడు పడ్డ వానే. మా తొట్టిలో బోసి సగం ఆ రెండో కథ చెప్పింది.

రోజు 17 నుంచి 20: సముద్రం, మబ్బు

సముద్రానికి ఉప్పు కలిపాం. నిజం సముద్రంలో ఉన్నంతే, లీటరుకు 35 గ్రాములు, దానికి తోడు ఎర్ర రంగు. మీటరు అంత ఉప్పు చదవలేక చేతులెత్తేసింది. పది రెట్లు పలచన చేసి కొలవాల్సి వచ్చింది.

రెండు రోజులు వాన ఆపేశాం. గుట్టలో మట్టం దిగేకొద్దీ గోడ అడుగున ఎర్రటి నాలుక నేల కిందికి చొరబడింది, మేకులా, అడుగున పొడవుగా, పైన సన్నగా. రెండు రోజుల్లో 7 సెంటీమీటర్లు. ఉప్పునీరు మంచినీటి కన్నా రెండున్నర శాతం బరువు, అందుకే అడుగు నుంచి దూరుతుంది. ఆ కాస్త తేడా వల్లే తీరప్రాంతంలో సముద్ర మట్టం కన్నా ఒక మీటరు ఎత్తున మంచినీటి మట్టం నిలిస్తే, దాని కింద సుమారు 40 మీటర్ల లోతు దాకా ఉప్పునీరు రాకుండా ఆగుతుంది. ఆ ఒక్క మీటరునీ తోడేస్తే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. మళ్లీ వాన పోశాం. నాలుక ఒక రాత్రిలో సగం వెనక్కి తగ్గింది.

తర్వాత తొట్టి మీద గాజు పలక మూసి, గుట్ట పైభాగంలో మంచు ముక్కల పళ్లెం పెట్టి, సముద్రం మీద 100 వాట్ల బల్బు వెలిగించాం. 8 గంటలు. గాజు మొదట మసకబారింది, తర్వాత సన్నటి చుక్కలు, అవి ఒకదాన్నొకటి కలుపుకుని, బరువెక్కి, గుట్ట నెత్తిన రాలాయి. కింద పెట్టిన చిన్న గిన్నెలో 46 మిల్లీలీటర్లు చేరాయి. మీటరు పెడితే 9. కింద ముప్పై అయిదు వేలు, పైన తొమ్మిది! ఉప్పు అక్కడే ఉండిపోయింది, నీరు ఒక్కటే లేచింది.

46 మిల్లీలీటర్లకు 8 గంటలా అని మొదట నిరాశగా అనిపించింది. కానీ గది వేడిలో లీటరు నీటిని ఆవిరి చేయడానికి దాదాపు 24.5 లక్షల జౌళ్లు కావాలి. 100 వాట్ల బల్బు వేడిలో రవ్వంత కూడా వృథా కాకపోయినా 7 గంటలు పడుతుంది. మా బల్బు వేడిలో చాలాభాగం గాలిలోకీ గోడలకూ పోయింది. సూర్యుడు ఏడాదిలో సముద్రం మీద నుంచి సగటున సుమారు 1.2 మీటర్ల మందం నీటిని లేపుతాడు. ఈ గిన్నె చూశాకే నాకు ఆ అంకె బరువు తెలిసింది.

ఆకాశంలో గాజు పలక ఉండదు. ఆవిరి దుమ్మునో, సముద్రం చిమ్మిన ఉప్పు రవ్వనో పట్టుకుని చుక్క కడుతుంది. అలాంటి మబ్బు చుక్కలు లక్షల్లో కలిస్తే ఒక వాన చుక్క.

గడ్డి ఈపాటికి వేలెడు ఎత్తు వచ్చింది. నాలుగు పరకల మీద పారదర్శక సంచి కట్టి ఉంచితే సాయంత్రానికి లోపల చెమట పట్టింది. పెరో కాలం నాటి "మిగతాది ఎటు" అన్న ప్రశ్నకు సగం జవాబు ఈ సంచిలోనే ఉంది. ప్రపంచం మొత్తం మీద నేలపై ఏటా పడే వాన సుమారు 1.1 లక్షల ఘన కిలోమీటర్లు. అందులో 70 వేల దాకా మట్టి నుంచి, చెట్ల ఆకుల నుంచి, చెరువుల నుంచి తిరిగి గాలిలోకే పోతుంది. సముద్రానికి చేరేది 40 వేలే. పుస్తకంలోని బొమ్మలో నదికి పెద్ద గీత, చెట్టుకు చిన్న బాణం. నిజానికి తారుమారుగా ఉండాలి.

రోజు 24

ఉప్పు కడగడానికే నాలుగు రోజులు పట్టింది. సముద్రాన్ని ఆరుసార్లు ఖాళీ చేశాం, గుట్ట మీద మంచినీటి వాన కురిపిస్తూనే ఉన్నాం. రెండు రోజుల్లో చొరబడిన ఉప్పు, పోవడానికి నాలుగు రోజులు తీసుకుంది. ఈ సాయంత్రానికి 230 దగ్గర నిలబడింది. ఇక మొదటి రోజు ప్రశ్న దగ్గరికి రావచ్చు.

రోజు 25

సముద్రం గుంటలో మూతలు బిగించిన నీళ్ల సీసాలు సర్ది, నీరు నిలిచే చోటును 800 మిల్లీలీటర్లకు తగ్గించాం. లేకపోతే గుర్తు సముద్రంలో పలచబడి దొరకదు. రోజూ పొద్దున 5 మిల్లీమీటర్ల వాన, అంటే 900 మిల్లీలీటర్లు. రోజూ బయట జాడీలో చేరిన నీటిని కొలిచి మీటరు పెట్టాలి.

గుట్ట నెత్తిన, ఎడమ గోడ పక్కన, 200 మిల్లీలీటర్ల నీటిలో 2 గ్రాముల ఉప్పు కలిపి మెల్లగా పోసింది మా అమ్మాయి. ఇదే మా చుక్క.

పోయకముందే అంచనా రాసుకున్నాం. గుట్టలో ఉన్న నీరు సుమారు 7 లీటర్లు. రోజూ బయటికొచ్చేది 750 మిల్లీలీటర్లు, మిగతా 150 గడ్డీ గాలీ తీసుకుంటున్నాయి. 7 లీటర్లను ముప్పావు లీటరుతో భాగిస్తే తొమ్మిది రోజులు పైచిలుకు. అది సగటు. నెత్తిన పడ్డ నీరు అందరికన్నా లోతుగా, అందరికన్నా దూరం నడవాలి కాబట్టి అంతకన్నా ఎక్కువే పట్టాలి.

నిల్వను రాకపోకలతో భాగించే ఈ లెక్క ఎక్కడైనా పనికొస్తుంది. గాలిలోని ఆవిరినంతా ఒకేసారి కురిపిస్తే భూమంతా సుమారు 25 మిల్లీమీటర్ల నీరు. ఏడాదికి కురిసే సగటు వాన దాదాపు 1,000 మిల్లీమీటర్లు. అంటే ఆ ఆవిరి ఏడాదికి 40 సార్లు ఖాళీ అయి నిండుతోంది, ఒక్కో నీటి కణం గాలిలో ఉండేది తొమ్మిది రోజులు. సముద్రంలో ఉన్న దాదాపు 133 కోట్ల ఘన కిలోమీటర్ల నీటిని, ఏటా లేచే 4.3 లక్షలతో భాగిస్తే మూడు వేల ఏళ్లు. భూగర్భంలో అయితే వారాల నుంచి వేల ఏళ్ల దాకా, ఏ లోతున, ఏ రాతిలో ఉందన్నదాన్ని బట్టి.

రోజు 29

230. రోజూ అదే. మా అమ్మాయికి ఓపిక నశిస్తోంది. "నిజంగా కదులుతోందంటావా?" అంటుంది. నడిమి గొట్టం నుంచి సిరంజితో కాస్త నీరు తీసి చూశాం. 238. కదులుతోంది.

రోజు 33

జాడీలో 250. పొద్దున్నే మీటరు పెట్టింది తనే. మూడుసార్లు కడిగి మూడుసార్లు చూసి, అప్పుడు నన్ను లేపింది. పోసిన ఎనిమిదో రోజు. సగటు కన్నా ముందే వచ్చిందేమిటా అని చూస్తే, గులకరాళ్ల పొరలోకి దిగిన కొంత నీరు దగ్గరి దారి పట్టినట్టుంది.

రోజు 38

670. మర్నాడు తగ్గితే ఇదే శిఖరం.

రోజు 39

630. నిన్నటిదే శిఖరం. గుట్ట నెత్తి నుంచి సముద్రానికి 60 సెంటీమీటర్ల దూరం, 13 రోజులు. అదీ రోజూ వాన పడితేనే. ఒకే రోజు పోసిన 200 మిల్లీలీటర్లు ఒకే రోజు రాలేదు, వారానికి పైగా పరుచుకుని వస్తున్నాయి. "ఎన్ని రోజులు" అన్న ప్రశ్నకు ఒక్క అంకె చెప్పలేం, కొన్ని చుక్కలు ఎనిమిదో రోజునే వచ్చాయి, కొన్ని ఇంకా నడుస్తున్నాయి. పుస్తకంలో జలచక్రం బొమ్మ పక్కన తను పెన్సిలుతో కొండ లోపల నుంచి బాణాలు గీసింది. ఒకటి పొట్టిది, ఒకటి పొడవుది, ఒకటి గీత మధ్యలో ఆగిపోయినది.

రోజు 43

300కి దిగింది. ఇప్పటిదాకా రోజువారీ కొలతల నుంచి పాత 230 తీసేసి, ఆ రోజు నీటితో హెచ్చించి, అన్నీ కూడాం. పోసిన 2 గ్రాముల ఉప్పులో జాడీకి చేరింది 1.9 గ్రాములు. మీటరు కచ్చితత్వానికి ఇంత దగ్గరగా పద్దు కుదరడం నాకు చాలా సంతోషం.

మిగిలిన 0.1 గ్రాము ఇంకా గుట్టలోనే ఎక్కడో, బంకమట్టి పలక అంచునో, ఏ సన్నటి సందులోనో ఉంది. రేపు పొద్దున మళ్లీ 900 మిల్లీలీటర్లు పోయాలి.